ఐదు గళ్లు, ఒక జంట

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, హైస్కూలు పిల్లలూ తల్లిదండ్రులూ కూర్చున్న సభలో, ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు నమస్కారంతో పాటు ఒక పని కూడా.

గ్రంథాలయాల పండగ కాబట్టి, కొంకుదురులో పుట్టి ఆంధ్రదేశమంతా గ్రంథాలయాలు పెట్టించడానికి తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారిని ఒకసారి తలుచుకుని మొదలుపెడతాను.

బోర్డు మీద ఐదు గళ్లు గీశాను, చూడండి. వీటిలో ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి నింపాలి. షరతు ఒకటే: ఎల్, టి పక్కపక్కనే ఉండాలి. ఎల్ ముందు, టి వెనక, మధ్యలో ఇంకో అక్షరం దూరకూడదు. గోదావరి నీళ్లు తాగినవాళ్లకి మొదటి మాట వెంటనే తట్టాలి మరి. ఆ, చెప్పమ్మా. డెల్టా! డి, ఇ, ఎల్, టి, ఎ. సరిగ్గా ఐదు. కూర్చో తల్లీ.

డెల్టా అనేది గ్రీకు అక్షరమాలలో నాలుగో అక్షరం పేరు. మూడు మూలలుగా ఉంటుంది. నైలు నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే మేర కూడా మూడు మూలలుగా ఉంది కదా అని గ్రీకులు ఆ నేలకి తమ అక్షరం పేరు పెట్టేశారు. అదే పేరు తరవాత ఇలాంటి నేలలన్నిటికీ పాకింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి, వసిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోయి, మధ్యలో మనల్ని కూర్చోబెట్టింది. కాబట్టి మనం ఒక అక్షరం మీద కాపురం ఉంటున్నామన్న మాట.

ఇంకో మాట చెప్పండి. సాల్టీ, బాగుంది. ఫాల్ట్, బిల్ట్, అడల్ట్, అల్ట్రా. ఇవన్నీ వరసగా రాస్తున్నాను. సిల్టీ కూడా రాయండి. సిల్ట్ అంటే ఒండ్రు, చివర వై పెడితే ఒండ్రు కలిసిన నేల. ఆల్టర్ అని ఎవరో అన్నారు. దాన్ని రెండు రకాలుగా రాస్తారు: చివర ఇ, ఆర్ ఉంటే మార్చడం, ఎ, ఆర్ ఉంటే పూజావేదిక. రెండూ ఐదక్షరాలే, రెండూ మనకి పనికొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఐదు గళ్లలో రెండక్షరాల జంట కూర్చోవడానికి నాలుగు చోట్లే ఉన్నాయి. ఒకటీ రెండూ గళ్లు, రెండూ మూడూ, మూడూ నాలుగూ, నాలుగూ ఐదూ. మీరు చెప్పిన మాటల్ని ఆ చోట్ల ప్రకారం సర్దుతున్నాను. అల్ట్రా, ఆల్టర్లు రెండో చోట పడ్డాయి. డెల్టా, సాల్టీ, సిల్టీ మూడో చోట. ఫాల్ట్, బిల్ట్, అడల్ట్ నాలుగో చోట. మొదటి చోట ఎవరున్నారు? ఎవరూ లేరు. రాత్రంతా డిక్షనరీ తిరగేసినా ఎల్, టి తో మొదలయ్యే మామూలు ఇంగ్లీషు మాట దొరకదు. ఎందుకంటారు? నోటితో ప్రయత్నించండి. ‘ల్ట’ అంటూ మాట మొదలుపెట్టండి. ముందు ఒక అచ్చు లేకుండా నాలుక తిరగదు. మన తెలుగులోనూ అంతే. ఉల్టా ఉంది, పల్టీ ఉంది. ల్ట తో మొదలయ్యేది మాత్రం లేదు.

ఇంకోటి గమనించండి. వరసగా రాసిన ప్రతి మాటలోనూ ఎల్ కి ముందు అచ్చే ఉంది. ఎ, ఇ, ఐ, యు, వీటిలో ఏదో ఒకటి. ఒక్క మాటలోనూ హల్లు లేదు. అంటే ఎల్, టి పక్కపక్కన ఉన్నాయని తెలియగానే మీకు రెండు కాదు, దాదాపు మూడు గళ్లు తెలిసినట్టే. నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. స్పెల్లింగుని అక్షరం అక్షరంగా విడగొట్టి బట్టీ పట్టకండి. జంట ఏది, అది ఏ చోట కూర్చుంది, ఆ చోట ఎందుకు కూర్చుంది, ఈ మూడూ చూడండి. మిగతా మాట దానంతటదే వస్తుంది. మా రోజుల్లో క్లాసంతా కలిసి ‘సి ఏ టి క్యాట్’ అని పైకప్పు అదిరేలా అరిచేవాళ్లం. ఇప్పటికీ అరిపిస్తున్నారు. అరుపుల్లో గొంతు పెరుగుతుంది, స్పెల్లింగ్ రాదు.

ఇక మీరు చెప్పని రెండు మాటలు నేను చెబుతాను. మొదటిది టిల్త్. టి, ఐ, ఎల్, టి, హెచ్. వ్యవసాయ కాలేజీలో చదివేవాళ్లకి తెలుస్తుంది. దున్నిన నేల ఎంత గుల్లగా, విత్తనానికి ఎంత అనువుగా ఉందో చెప్పే మాట. ఇందులో ఎల్, టి పక్కపక్కనే ఉన్నాయి గానీ, నిజానికి వాటికి చుట్టరికం లేదు. టిల్ అంటే దున్నడం. ఆ ఎల్ దానిది. తరవాతి టి, హెచ్ రెండూ కలిసి ఒక ప్రత్యయం. హెల్త్, వెల్త్ లాంటి మాటల చివర ఉన్నదే అది. కాబట్టి కంటికి కనిపించే జంట వేరు, నోటికి వినిపించే జంట వేరు. ఫిల్త్ అన్నా ఇదే కథ.

రెండో మాట మోల్ట్. ఎమ్, ఓ, యు, ఎల్, టి. ఇది మీ అందరికీ తెలిసిందే. భీమవరం వైపు చెరువుల మీద ఉండే కుర్రాళ్లని అడగండి, ‘మోల్టింగ్‌లో ఉన్నాయండి’ అంటారు. రొయ్య పాత పెంకు విడిచి కొత్తది తొడుక్కోవడం. అమావాస్యో పౌర్ణమో దగ్గర పడితే రైతుకి టెన్షన్. కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య మెత్తగా ఉంటుంది, పక్క రొయ్యలే దాన్ని తినేస్తాయి. ఈ మాటలో ఎల్ ఉంది చూశారా, దానికి అక్కడ ఏ హక్కూ లేదు. లాటిన్‌లో మారడం అనే అర్థమున్న ‘ముతారే’ నుంచి వచ్చిన మాట ఇది. అందులో ఎల్ లేదు. పాత ఇంగ్లీషు వాళ్లు కూడా ఎల్ లేకుండానే రాశారు. మరి ఎలా వచ్చింది? ఫాల్ట్ ని చూసి వచ్చింది.

ఫాల్ట్ కథ ఇంకా బాగుంటుంది. అది ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ‘ఫోట్’ లాంటి మాట, ఎల్ లేదు. తరవాత పండితులు దీని మూలం లాటిన్‌లో ఉంది, అక్కడ ఎల్ ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలని పట్టుబట్టి చేర్చారు. చాలాకాలం రాశారే గానీ పలకలేదు. రాసీ రాసీ, చివరికి పలకడం కూడా మొదలుపెట్టారు. వాల్ట్ అనే మాటలోని ఎల్ కూడా ఇలా చేరిందే. ఇన్ని మాటల్లో ఎల్, టి కనిపించేసరికి పాపం మోల్ట్ కి కూడా తగిలించేశారు. అమెరికా వాళ్లు ఇందులోంచి యు తీసేసి నాలుగక్షరాలతో సరిపెట్టుకున్నారు. అందుకని మన ఐదు గళ్లలో అమెరికా మోల్ట్ పట్టదు, ఇంగ్లండు మోల్టే పడుతుంది.

ఇక్కడ తెలుగు గళ్లనుడికట్టు నింపే అలవాటున్న పెద్దవాళ్లు నవ్వుకుంటూ ఉంటారు. మనకి డెల్టా రెండే గళ్లు. డె ఒక గడి, ల్టా ఒక గడి. అచ్చూ, హల్లూ, ఒత్తూ అన్నీ ఒకే గడిలో సర్దుకుంటాయి. ఇంగ్లీషు వాడికి అదే మాటకి ఐదు గళ్లు కావాలి. అందుకే జంట అన్న ఆలోచన ఇంగ్లీషు నేర్చేటప్పుడు మనకి కొత్తగా అనిపిస్తుంది. కానీ కొత్త కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు రాజ్యం చేసిన కాలంలో, అంటే 1022 నుంచి 1061 మధ్య, నన్నయ భారతం మొదలుపెట్టినప్పుడే ఇది ఉంది. ప్రాస అంటే ఏమిటి? నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండటం. మొదటి పాదంలో రెండో అక్షరం క్త అయితే మిగతా మూడింటిలోనూ క్త రావాలి. అప్పుడు కవి బుర్రలో ఏం తిరుగుతుంది? భక్తి, శక్తి, ముక్తి, యుక్తి, రక్తి. అన్నీ రెండక్షరాలవే, అన్నిటిలోనూ రెండో చోట అదే జంట. మనం ఇందాక బోర్డు మీద చేసింది ఇదే.

ఇప్పుడు పిల్లలకి ఇష్టమైన సంగతి. ఫోనుల్లో ఆడుతున్నారుగా, వర్డిల్. జోష్ వార్డిల్ అనే ఆయన తన భాగస్వామి పలక్ షా కోసం తయారుచేసిన ఆట అది. 2021 అక్టోబరులో జనంలోకి వచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఐదక్షరాల మాట, ఆరు ప్రయత్నాలు. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు సుమారు 12 వేలు పోగేస్తే, పలక్ షా కూర్చుని వాటిలో మామూలు జనానికి తెలిసినవి దాదాపు 2,500 ఏరిందట. ఆట అంత నచ్చడానికి ఆ ఏరడమే సగం కారణమని నా అభిప్రాయం. ఎవరికీ తెలియని మాట జవాబుగా వస్తే ఆడేవాడికి ఒళ్లు మండుతుంది.

ఈ ఆటలో మూడు రంగులున్నాయి. బూడిద రంగు పడితే ఆ అక్షరం అసలు లేదు. పసుపు పడితే ఉంది గానీ చోటు మారింది. ఆకుపచ్చ పడితే అక్షరమూ చోటూ రెండూ సరే. అష్టావధానం చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఆయ్, ఉన్నారు. మరి చెప్పండి, ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలి అని పృచ్ఛకుడు అడిగితే దాన్నేమంటాం? న్యస్తాక్షరి. అదే ఆకుపచ్చ గడి. ఈ అక్షరం వాడకూడదు అంటూ అడుగడుగునా అడ్డం పడితే నిషిద్ధాక్షరి. అది బూడిద గడి. ఇచ్చిన మాటలు పద్యంలో ఎక్కడో ఒకచోట తప్పకుండా రావాలంటే దత్తపది. అది కొంచెం పసుపు గడి లాంటిది. తేడా ఏమిటంటే అవధానికి ఫోనూ లేదు, బోర్డూ లేదు. పైగా మిగతా పృచ్ఛకులు ఊరుకోరు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు మధ్యమధ్యలో వేళాకోళం చేస్తూనే ఉంటాడు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు, భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు ఇద్దరూ కలిసి శతావధానాలు చేసి ఊరూరా తిరిగారు. మనది ఆ నేల. ఐదు గళ్లకి భయపడతామా?

భయపడాల్సిన చోటు ఒకటి ఉందిలెండి. జి, హెచ్ జంట.

మనకి జి, హెచ్ అంటే ఘ. రాఘవ అని ఇంగ్లీషులో రాయాలంటే జి, హెచ్ వేస్తాం. పుష్కర ఘాట్ బోర్డు మీదా అదే. కానీ ఇంగ్లీషు వాడి నైట్ లో జి, హెచ్ ఉంటుంది, వినపడదు. లాఫ్ లో ఉంటుంది, ఎఫ్ లా పలుకుతుంది. ఘోస్ట్ అని మనం ఒత్తి పలుకుతాం, వాళ్లు గోస్ట్ అంటారు. పిల్లవాడు గందరగోళపడితే వాడి తప్పు కాదు. ఒకప్పుడు నైట్ లోని జి, హెచ్ కి శబ్దం ఉండేది. గొంతులోంచి ఖరఖరమనే శబ్దం. జర్మన్ వాళ్లు రాత్రిని నాఖ్ట్ అంటారే, ఆ ఖ్. మన సంస్కృతంలో నక్తం. ఇంగ్లీషు వాళ్లు ఆ శబ్దాన్ని కొన్నిట్లో వదిలేశారు, కొన్నిట్లో ఎఫ్ చేసుకున్నారు, రాతని మాత్రం వదల్లేదు. బరువు లేనిది అనే అర్థంలో లైట్ అంటారు చూడండి, అది మన లఘువుకి దూరపు చుట్టం. మన లఘువులో ఆ ఘ ఇప్పటికీ వినిపిస్తుంది, వాళ్ల లైట్ లో కాగితం మీదే మిగిలింది.

ఘోస్ట్ లోని హెచ్ ది ఇంకో దారి. ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం పెట్టింది విలియం కాక్స్‌టన్, 1476లో వెస్ట్‌మినిస్టర్లో. అంతకు ముందు ఆయన ఫ్లాండర్స్‌లో, బ్రూజ్ పట్టణంలో ఉండేవాడు. అక్కడి వాళ్లు ఆ మాటని హెచ్ పెట్టి రాసేవాళ్లు. ఆ అలవాటు అచ్చులోకి వచ్చేసింది. ఇంగ్లీషులో జి, హెచ్ తో మొదలయ్యే మాటలు కొద్దే, వాటిలో మన దేశం నుంచి వెళ్లినవీ ఉన్నాయి: నెయ్యి అనే అర్థంలో ఘీ, మెట్ల రేవు అనే అర్థంలో ఘాట్.

సరే, భయం ఎక్కడంటే, ఐదు గళ్లలో చివరి నాలుగు ఐ, జి, హెచ్, టి అని ఆకుపచ్చగా వచ్చేశాయనుకోండి. మీరు గెలిచాననుకుంటారు. నిజానికి అప్పుడే ఇరుక్కున్నారు. ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. ఎనిమిది మాటలు. మిగిలిన ప్రయత్నాలు నాలుగే. ఒక్కోటీ వేసుకుంటూ పోతే అదృష్టం మీద ఆధారపడాలి. అలా చేయకండి. ఐ, జి, హెచ్, టి ని కాసేపు పక్కన పెట్టి, ఫిల్మ్స్ అని వేయండి. ఎఫ్, ఐ, ఎల్, ఎమ్, ఎస్. అది జవాబు కాదని మనకి తెలుసు. అయినా ఒకే దెబ్బతో ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ తేలిపోతాయి. ఫైట్, లైట్, మైట్, సైట్లలో ఏదైనా ఉంటే రంగు పడుతుంది. పడలేదా? అప్పుడు ఎంటర్ అని వేయండి. ఇ కి రంగు పడితే ఎయిట్, ఎన్ కి పడితే నైట్, ఆర్ కి పడితే రైట్. మూడింటికీ పడకపోతే టైట్. టి కి ఎలాగూ రంగు పడుతుంది, చివర ఉందని ముందే తెలుసు కాబట్టి దాన్ని పట్టించుకోకండి. మూడో దెబ్బకి జవాబు మీ చేతిలో ఉంటుంది, నాలుగోది మిగులుతుంది కూడా. హార్డ్ మోడ్ పెట్టుకుని ఆడేవాళ్లకి మాత్రం ఈ దారి మూసేశారు. తెలిసిన అక్షరాల్ని ప్రతిసారీ వాడి తీరాలి వాళ్లు. దానికి మందు లేదు.

స్క్రాబుల్ గురించి కూడా అడుగుతారు కాబట్టి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు, వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఆ లెక్క మీదే బిళ్లలు నిర్ణయించాడు. 100 బిళ్లల్లో ఇ లు 12, క్యూ ఒక్కటే. ఎస్ చాలా మాటల చివర వస్తుంది కదా, అయినా నాలుగే పెట్టాడు. లేకపోతే అందరూ ఎస్ తగిలించి బహువచనాలు చేసుకుంటూ కూర్చుంటారు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో జేమ్స్ బ్రూనో పెట్టాడు.

క్యూ పక్కన యు ఉండాలని బడిలో చెబుతాం. నిజమే. క్యూ, యు అంత గట్టి జంట ఇంగ్లీషులో ఇంకోటి లేదు. కానీ స్క్రాబుల్ ఆడేవాళ్లు యు లేని క్యూ మాటలు జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఐదక్షరాల్లో కొన్ని చెబుతాను, మీరే నవ్వుతారు. ఫకీర్, తలాక్, బుర్ఖా, నికాబ్. వీటన్నిటినీ క్యూతో, యు లేకుండా రాయొచ్చు. అన్నీ అరబ్బీ నుంచి వెళ్లినవి. అక్కడ గొంతు లోపలి నుంచి పలికే ఒక క ఉంది, దానికి గుర్తుగా క్యూ వాడారు. ఇంగ్లీషు పిల్లలు వీటిని కష్టపడి నేర్చుకుంటారు. మన ఊళ్లో పదేళ్ల పిల్లాడికి అర్థంతో సహా తెలుసు.

ఆ వెనకనించి అమ్మగారు ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండమ్మా. మా అబ్బాయి త కి టి రాయాలా, టి హెచ్ రాయాలా అంటున్నారు. మంచి ప్రశ్న. ఇక్కడినుంచి బస్టాండుకి వెళ్లేలోపు గౌతమి అన్న పేరు బోర్డుల మీద ఎన్ని రకాలుగా ఉందో చూడండి. జి, ఎ, యు అని ఒకరు, జి, ఓ, యు అని ఒకరు, జి, ఓ, డబ్ల్యూ అని ఇంకొకరు. త దగ్గర ఒకరు ఉత్త టి వేస్తారు, ఒకరు హెచ్ చేరుస్తారు. ఉత్తరాది వాళ్లకి టి, హెచ్ అంటే థ. మనకి ఉత్త టి అంటే ట అనిపిస్తుంది కాబట్టి త కి హెచ్ చేర్చుకున్నాం. కొత్తపేట రాసినా అంతే, లత రాసినా అంతే. మన పేర్లలో అది తప్పు కాదు, మన పద్ధతి. కానీ అదే అలవాటుతో పిల్లవాడు వాటర్ లో హెచ్ పెడితే మాత్రం దిద్దండి. ఇంగ్లీషు పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే జంట టి, హెచ్. నూటికి మూడున్నర జంటలు అవే. ‘ది’ అన్న ఒక్క చిన్న మాట వల్లే ఆ లెక్క అంత పెరిగింది. కాబట్టి వాడు ఆ జంటని రోజూ చూస్తూనే ఉంటాడు. ఎక్కడ నాలుక పళ్ల మధ్యకి వెళ్తుందో, ఎక్కడ వెళ్లదో ఒక్కసారి అద్దం ముందు నిలబెట్టి చూపించండి చాలు.

వర్డ్ లిస్టుల పుస్తకం కొనివ్వమంటారా అని కూడా అడిగారు. వద్దండి. పిల్లలే తయారుచేసుకోవాలి. ఈసారికి పని ఇస్తున్నాను, రాసుకోండి. జంట ఎన్, డి. మాట ఐదక్షరాలు. ఎస్ తగిలించిన బహువచనాలు లెక్కలోకి రావు, హ్యాండ్స్ అని రాసి తీసుకొస్తే కొట్టేస్తాను. మొదటి చోటు ఖాళీ అని నేనే చెప్పేస్తున్నాను, అక్కడ వెతక్కండి. రెండో చోటుకి అండర్ తో మొదలుపెట్టండి, మూడో చోటుకి శాండీ. నాలుగో చోటు దగ్గర జాగ్రత్త. బౌండ్, ఫౌండ్, హౌండ్, మౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్, ఊండ్, ఎనిమిది మాటలు ఒకే గుంపుగా కాచుకుని ఉన్నాయి. ఫిల్మ్స్ లాంటి మాట వీటికి ఏది పనికొస్తుందో కనిపెట్టి తెచ్చినవాళ్ల కాగితం ముందు చూస్తాను. ఊండ్ ని గాయం అన్న అర్థంలో ఒకలా, చుట్టడం అన్న అర్థంలో ఇంకోలా పలుకుతారు. దాని గురించి ఆ కాగితాలు దిద్దేటప్పుడు మాట్లాడుకుందాం. లైబ్రేరియన్ గారు చాక్‌పీసులు ఇక్కడే ఉంచుతామన్నారు.